జిరాక్స్ తీయమంటే లామినేషన్ చేశాను

నా తెలివి ఏపాటిదో ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఏడో తరగతిలో నేను బడి మానేశానని ఊళ్ళో చెప్పుకుంటాను. గిట్టనివాళ్ళు మాత్రం, బడే నన్ను మానేసిందనీ, ఆ రోజు మా లెక్కల సారు అందరికీ బెల్లం పంచాడనీ అంటారు. అలాంటివాణ్ణి, ఇరవై ఏళ్ళ తరువాత సముద్రం దాటి వచ్చి, సౌదీలోని జుబైల్‌లో ఒక ఇండియన్ బడిలోనే ఉద్యోగానికి చేరాను. పాఠాలు చెప్పడానికి కాదు లెండి, కంగారు పడకండి. కుళాయిలు, ఏసీలు, ట్యూబ్‌లైట్లు, తలుపు గొళ్ళాలు ఇవీ నా సబ్జెక్టులు. దాన్ని మెయింటెనెన్స్ విభాగం అంటారు. విభాగం అంటే పది మంది ఉంటారనుకునేరు. నేనూ, ఒక నిచ్చెనా.

ఆ విభాగం మూడేళ్ళ కిందట ఒకే ఒక్క మధ్యాహ్నం, సమోసా తినేంత సేపట్లో, బడిలోని టీచర్లందరి ఆశనూ మాడ్చి మసి చేసింది. మాడ్చడమంటే మాటవరసకు అంటున్నానని అనుకోకండి. నిజంగానే వేడి పెట్టి మాడ్చాను.

ముందు నాకున్న జబ్బు గురించి చెప్పాలి. గల్ఫ్‌లో కొన్నేళ్ళుంటే ఎవరికైనా ఏదో ఒకటి పట్టుకుంటుంది. కొందరికి షుగరు, కొందరికి నడుం నొప్పి. నాకు లామినేషన్ పట్టుకుంది. నన్నొక్కణ్ణే అనకండి, మా క్యాంపులో ఎవరి పెట్టె తెరిచినా సగం ప్లాస్టిక్కే కనిపిస్తుంది. ఈ దేశంలో కాగితం బతకదు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు కాపీని ఎండాకాలం చొక్కా జేబులో పెట్టుకుంటే, సాయంత్రానికి చెమటలో నాని సాంబారులో పడ్డ అప్పడంలా చేతికొస్తుంది. అందుకే మావాళ్ళు కాగితం చేతికి రాగానే చదవరు, ముందు ప్లాస్టిక్ తొడిగిస్తారు. వెల్డింగు సర్టిఫికెట్టు, పెళ్ళి ఫోటో, కూతురు గీసి పంపిన నెమలి, దేవుడి పటం, అన్నీ అందులోనే. మా గదిలో ఒకాయన డాక్టరు రాసిచ్చిన మందుల చీటీకి కూడా తొడిగించాడు. జ్వరం తగ్గి మూడేళ్ళయింది, చీటీ మాత్రం ఇంకా నిగనిగలాడుతోంది.

అలాంటి నాకు లామినేషన్ మిషనే దొరికితే? బడి ఆఫీసువాళ్ళు పాడైపోయిందని పారేయబోతుంటే అడిగి తెచ్చుకుని, వైరు మార్చి, బాగు చేసి నా పనిగదిలో పెట్టుకున్నాను. ఇక బడిలో ప్లాస్టిక్ తొడగని కాగితం లేదు. స్విచ్చుల పక్కన "ఆపి వెళ్ళండి" అని చీటీ. కుళాయి మీద "కట్టేయండి" అని చీటీ. నిచ్చెన మీద "నిచ్చెన" అని చీటీ. క్యాంటీన్ వంటాయన ఒక వారం మెనూ రాసిస్తే దానికీ తొడిగాను. అంత అందంగా ఉన్నదాన్ని మార్చబుద్ధి కాక పాపం ఆయన ఏడాదంతా మంగళవారం బెండకాయే వండాడు.

ఇక సుజాత టీచరమ్మ. ఆమెది తెనాలి. భర్త ఇక్కడే ఒక ప్లాంటులో ఆపరేటరు. ఆమె మా బడిలో యూకేజీ పిల్లలకు చెబుతుంది. ఆ క్లాసుకు బడి ఇచ్చేది ఒక బోర్డు, ఒక డస్టరు, నేను బాగుచేసిన ఏసీ. మిగతావన్నీ, అంటే రంగు కాగితాలు, గమ్ము, మెరుపుల పొడి, ఐస్‌క్రీం పుల్లలు, దూది, బొమ్మలకు అంటించే కదిలే కళ్ళు, ఆమె జీతంలోంచే. మిగతా టీచర్లదీ అదే కథ. కొన్ని దేశాల్లో ఇలా సొంత డబ్బు పెట్టే టీచర్లకు ఆదాయపు పన్నులో కొంత తగ్గిస్తారని ఒకరోజు టీచర్ల గదిలో మాట వచ్చింది. నేను పైన ట్యూబ్‌లైటు బిగిస్తూ ఆగలేకపోయాను.

"మేడం, ఈడ జీతం మీద పన్నే లేకపాయె. లేనిదాంట్లకెంచి ఏం తగ్గిస్తరు?"

"జీతం మీద లేదు రాజేశం గారూ. గమ్ము సీసా మీద ఉంది. వందకి పదిహేను," అంది సుజాత టీచరమ్మ.

నేను నిచ్చెన మీద మళ్ళీ హోల్డరులో దృష్టి పెట్టాను.

ఆమె మాత్రం ఊరుకోలేదు. ప్రిన్సిపాల్ మేడం ఎక్కడ కనిపిస్తే అక్కడ, మెట్ల మీద, కారు దగ్గర, చివరికి ప్రార్థన లైనులో కూడా ఇదే మాట. ప్రిన్సిపాల్ మేడం విసిగిపోయి ఒక సర్క్యులర్ తీసింది. క్లాసు కోసం సొంత ఖర్చుతో సామాన్లు కొన్న టీచర్లు సరైన పన్ను బిల్లులు చూపిస్తే ఆ ఖర్చు పన్నుతో సహా బడి తిరిగిస్తుంది. గడువు గురువారం మధ్యాహ్నం పన్నెండు. కింద ఒక మెలిక కూడా పెట్టింది. ఒక్క టీచరైనా బిల్లులు సక్రమంగా తెస్తే ఈ పద్ధతి ఇక ప్రతి ఏడూ అందరికీ ఉంటుంది. ఎవరూ తేకపోతే, ఎవరికీ అవసరం లేదని అర్థం చేసుకుని రద్దు చేస్తారు.

గమ్ము సీసా కొన్న బిల్లు ఏడాది పాటు ఎవరు దాస్తారో మీరే చెప్పండి. టీచర్ల గదిలో ఆ రోజు బ్యాగులన్నీ బోర్లించారు. పిన్నీసులు రాలాయి, తలనొప్పి బిళ్ళలు రాలాయి, ఎవరిదో పిల్లాడి పాలపన్ను కూడా రాలింది. బిల్లు ఒక్కటీ రాలలేదు. ఒక్క సుజాత టీచరమ్మ దగ్గర మాత్రం ముప్పై నాలుగు బిల్లులున్నాయి. అన్నీ ఒకే దుకాణానివి, అన్నీ తేదీల వరసలో, ఒక బిస్కెట్ డబ్బాలో. ఆ రోజు నుంచి టీచర్లందరూ ఆ డబ్బా వైపు పసిబిడ్డను చూసినట్టు చూడసాగారు.

మంగళవారం మధ్యాహ్నం ఆమె ఆ పసిబిడ్డను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"రాజేశం గారూ, వీటి మీద అక్షరాలు వెలిసిపోతున్నాయండీ. ఒక్కొక్కటీ జిరాక్స్ తీసిపెట్టండి. జాగ్రత్త, ఇవి పోతే నా ఒక్కదానివే కాదు, అందరివీ పోయినట్టే."

"మీరు బేఫికరుండుండ్రి మేడం. నా పానం లెక్క చూసుకుంట."

నా ప్రాణాన్ని నేను ఎలా చూసుకుంటానో ఆమె ఆ క్షణంలో అడిగి ఉండాల్సింది. అడగలేదు. క్లాసు టైమైందని వెళ్ళిపోయింది.

నేను డబ్బా మూత తీసి చూశాను. నున్నటి, జారిపోయే కాగితాలు. దుకాణం మిషన్లోంచి కర్రుమంటూ వస్తాయే, అవి. కొన్నింటి మీద అక్షరాలు నిజంగానే పొగమంచులో మనుషుల్లా ఉన్నాయి. నాకు జాలేసింది. జిరాక్స్ తీస్తే ఏమొస్తుంది? కాగితానికి ఇంకో కాగితం. అదీ చిరుగుతుంది, అదీ నానుతుంది. ఇంత విలువైన వాటికి చేయాల్సిన మర్యాద అదేనా? నా కళ్ళు మెల్లగా మిషన్ వైపు తిరిగాయి. మిషన్ కూడా నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

స్విచ్ వేశాను. అప్పుడే ఖాదర్ భాయ్ వచ్చాడు. ఆయనది రాయచోటి. మా బడి బస్సు నడుపుతాడు. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య నా గదిలో కూర్చుని సమోసాలు తినడం ఆయన అలవాటు. మిషన్‌కు అటువైపు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏందన్నా అవి?"

"టీచరమ్మ బిల్లులు. జిరాక్స్ తియ్యమన్నది."

"మరి ఈ మిషను ఏందికి?"

"జిరాక్స్ కన్న ఒక మెట్టు మీద చేస్తున్న. సూడు, వందేండ్లయినా చెక్కుచెదరయి."

"వందేండ్లు ఎవురికి కావాలబ్బా? గురువారం దాంకా ఉంటే సాలు గదా?"

ఆ పూట ఆ గదిలో పలికిన ఒకే ఒక్క తెలివైన మాట అది. దాన్ని పలికినవాడు సమోసాలో మిరపకాయ వెతుక్కుంటూ పలికాడు. నేను వినిపించుకోలేదు.

ఒక్కో ప్లాస్టిక్ కవరులో ఆరేసి బిల్లులు, వంకర లేకుండా, తల దువ్వి పాపిడి తీసినట్టు పేర్చాను. ఇటు నుంచి పెట్టడం నా పని, అటు నుంచి రావడం మిషన్ పని. వచ్చినవి ఖాదర్ భాయ్ ముందు పడుతున్నాయి. నేను ఊరికే ఉంటానా? ఇంత పెద్ద బడిలో ఇంతమంది చదువుకున్నవాళ్ళుండగా టీచరమ్మ నన్నే ఎందుకు నమ్మిందో, మనిషికి కావాల్సింది చదువా, బుద్ధా అని ఆయనకు వివరంగా చెబుతూ, ఒకటి తరువాత ఒకటి ఆరు కవర్లూ లోపలికి పంపాను. ఆఖరుది పోయాక చేయి చాచాను.

"ఏదీ, సూపియ్యి భాయ్."

ఖాదర్ భాయ్ మొదటిది ఎత్తి చూపించాడు.

నలుపు. అలాంటిలాంటి నలుపు కాదు. కొత్తగా వేసిన తారు రోడ్డు మీద వాన పడితే ఉంటుందే, ఆ నలుపు, ఆ మెరుపు. అక్షరం లేదు, అంకె లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆరు తారు రోడ్లు.

"ఇదేంది భాయ్!"

"నాకేం తెలుసు సామీ. నువ్వు కావాల్నే నల్లంగా చేస్తాండావనుకుంటి."

"మొదటిది వచ్చినప్పుడే చెప్పద్దా?"

"అడిగితివా? నువ్వు బుద్ధి గురించి మాట్లాడతానే ఉంటివి. పెద్దమనిషి మాట్లాడతాంటే అడ్డం రాకూడదని గమ్మునుంటి."

ఆ బిల్లులిచ్చిన దుకాణం షఫీక్ భాయ్ తరువాత నాకు విడమరిచి చెప్పాడు లెండి. ఆ కాగితం మీద సిరా ఉండదట. కాగితమే వేడి తగిలిన చోటల్లా నల్లబడుతుందట. దుకాణం మిషన్ చిన్న చిన్న వేడితో అక్షరాలు రాస్తుంది. "నీ మిషన్ ఏం తప్పు చేయలేదు భాయ్," అన్నాడు, "కాగితం మొత్తం మీద ఒకేసారి రాసేసింది, అంతే."

కానీ అప్పుడు మాకు ఇవేవీ తెలియవు. ఖాదర్ భాయ్ చేతులు తుడుచుకుని తీవ్రంగా ఆలోచించాడు.

"అన్నా, వేడికి నల్లబడినాయి గదా. సలికి తెల్లబడాల."

మీరు నవ్వుతున్నారు. చదువుకున్నవాళ్ళు మీరు. నాకు ఆ మాట శాస్త్రంలాగే వినిపించింది. ఇద్దరం క్యాంటీన్‌కు పరుగెత్తాం. వంటాయనను బతిమాలి, ఫ్రీజరులో పరోటాల కట్టలకూ చికెన్‌కూ మధ్య ఆరు కవర్లనూ పడుకోబెట్టాం. గంట సేపు ఫ్రీజరు ముందు ఆపరేషన్ గది బయట చుట్టాల్లా నిలబడ్డాం. గంట తరువాత తీశాం. నల్లటి బిల్లులు చల్లబడ్డాయి. అంతకుమించి ఏ మార్పూ లేదు.

అవి చేతిలో పట్టుకుని వస్తుంటే వరండాలో సుజాత టీచరమ్మ ఎదురైంది.

"అయ్యాయా అండీ జిరాక్సులు?"

"జిరాక్సులంటే మేడం... వాటికన్న జర మంచిగనే చేద్దామని..."

ఆమె ఒక కవరు అందుకుంది. ముందు తిప్పి చూసింది. వెనక తిప్పి చూసింది. కిటికీకి ఎత్తి పట్టి చూసింది.

"ఇంత చల్లగా ఉన్నాయేంటండీ? ఏంటివి?"

"బిల్లులే మేడం."

"ఎవరి బిల్లులు?"

"మీయే."

ఆమె కవరు నా చేతికి తిరిగిచ్చేసింది. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. నాలుగు తిట్లు తిని, నాలుగు జవాబులు చెప్పి, టీ తాగేవాణ్ణి. ఆమె క్లాసులోకి వెళ్ళి, ఐదేళ్ళ పిల్లలు కూర్చునే మోకాలంత కుర్చీలో కూర్చుంది.

"ఏడాదంతా దాచానండీ. నా డబ్బు సంగతి వదిలేయండి, అది ఎలాగూ ఖర్చు పెట్టిందే. కానీ ఇంతమందికీ నేను మాటిచ్చాను. ప్రిన్సిపాల్ గారి దగ్గర పంతం పట్టి తెచ్చిన సర్క్యులరు. గురువారం పన్నెండింటికి నేను ఒట్టి చేతులతో వెళితే, ఇంకెప్పుడూ ఎవరూ అడగలేరు."

నేను పక్కనున్న ఇంకో బుల్లి కుర్చీలో కూర్చున్నాను. లేవబోతే అది నాతోపాటే లేచింది. దాన్ని ఊడదీసుకోవడానికి ఖాదర్ భాయ్ సాయం కావాల్సి వచ్చింది. ఆ కంగారులో ఆమె ముఖంలో నవ్వు లాంటిది ఒకటి కనిపించి మాయమైంది. అదే నాకు ధైర్యం.

"మేడం, రేపు పొద్దుగాల అకౌంటెంట్ సారు తానికి నేనొస్త. తప్పు నాదని నేనే చెప్త."

"మీరు చెప్పకుండా ఉంటే ఇంకా మంచిదేమో," అంది ఆమె. కానీ వద్దనలేదు.

మా అకౌంటెంటు ఉస్తాద్ హసన్ ఈజిప్టు మనిషి. పెద్ద మీసం, అంతకంటే పెద్ద కళ్ళజోడు. ఆయన అరబ్బీలో ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు, నేను హిందీలో అరబ్బీ కలిపి మాట్లాడతాను. ఇద్దరం కలిస్తే ఒక భాష అవుతుంది. మీ కోసం దాన్ని తెలుగులో రాస్తున్నాను.

బుధవారం ఉదయం టీచరమ్మతో కలిసి వెళ్ళి ఆరు కవర్లూ ఆయన బల్ల మీద పెట్టాను. ఒకటి ఎత్తి దీపానికి పట్టి చూశాడు.

"ఎవరి ఎక్స్‌రే ఇది? ఊపిరితిత్తులా?"

"ఫాతూరా, ఉస్తాద్. దుకాణం బిల్లులు."

"దుకాణం పేరేది?"

"లోపల ఉంది."

"పన్ను నంబరు?"

"అది కూడా లోపలే."

"బిల్లు కింద నల్లచుక్కల చతురస్రం ఉండాలి. ఫోనుతో చూస్తే గానీ అసలు బిల్లో కాదో తెలియదు. అదెక్కడ?"

"మీకు కావాల్సింది నల్ల చతురస్రమే కద ఉస్తాద్? చూడండి, కాగితమంత పెద్దది."

బల్ల కింద టీచరమ్మ నా కాలు తొక్కింది. తెనాలి వాళ్ళు గట్టిగా తొక్కుతారు.

"మా మెయింటెనెన్స్ ఆయన పొరపాటున వేడి మిషన్లో పెట్టారు సార్," అంది ఆమె.

ఉస్తాద్ హసన్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "అమ్మా, కాగితం వేడికి గోధుమరంగు అవుతుంది, బూడిద అవుతుంది. ఇలా నల్లగా, నున్నగా అవ్వదు. దీనికి ఎవరో రంగు పూశారు. ఇరవై ఏళ్ళుగా బిల్లులు చూస్తున్నాను. నాకు చెప్పకండి."

రంగు పూశామనేసరికి నాకు రోషమొచ్చింది. "మిషన్ తెస్త ఉస్తాద్. మీ కళ్ళ ముందే చేసి చూపిస్త."

"తే."

తెచ్చాను. వేడెక్కింది. ఒక బిల్లు కావాలి. నేను నా జేబులు వెతుక్కుంటుండగానే ఉస్తాద్ హసన్ తన పర్సు తీసి, నాలుగు మడతలు పెట్టిన ఒక బిల్లు విప్పాడు.

"ఇది నిన్న సాయంత్రానిది. ఒక్కో అక్షరం చూడు, ముత్యాల్లా ఉంది. నీ మిషన్ దీన్ని ఏం చేస్తుందో చూద్దాం."

"వద్దు సార్," అంది టీచరమ్మ.

నేను కూడా వద్దనే అనబోయాను. నోరు మాత్రం "పెట్టండి ఉస్తాద్" అంది.

పెట్టాడు. ముత్యాలు లోపలికి వెళ్ళాయి. అటు నుంచి బొగ్గు వచ్చింది.

ఉస్తాద్ హసన్ మీసం ఒకవైపు కిందికి జారినట్టు నాకు కనిపించింది.

"అది దేని బిల్లు సార్?" అని టీచరమ్మ మెల్లగా అడిగింది.

"వాషింగ్ మిషన్. రెండేళ్ళ గ్యారంటీ. జాగ్రత్తగా దాచమని నా భార్య ఇచ్చింది."

నాలాంటివాడు అక్కడ నోరు మూసుకోవాలి. మూసుకుంటే నేనెందుకవుతాను?

"ఉస్తాద్, ఒక్క మాట. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది బిల్లా, కాదా?"

"బిల్లే! ఎందుకు కాదు? మీ ఇద్దరి కళ్ళ ముందే బిల్లు! వల్లాహి, అల్లా మీద ఒట్టు, బిల్లే!"

"మరి మావి?"

ఆయన నల్ల కవర్ల వైపు చూశాడు, తన నల్ల బిల్లు వైపు చూశాడు. పాపం, తండ్రీకొడుకుల్లా ఒకే పోలికలో ఉన్నాయి.

చివరికి అన్నాడు: "రంగు పూశారన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నల్లవి మాత్రం తీసుకోను. దుకాణం వాళ్ళతో మళ్ళీ తీయించుకు రండి. రేపు పన్నెండు దాకా ఇక్కడే కూర్చుంటాను. ముందు ఆ మిషన్‌ను నా గదిలోంచి తీసెయ్, దాని ముఖం చూడలేను."

బయటికి రాగానే దుకాణానికి ఫోన్ చేశాను. బంగ్లాదేశ్ షఫీక్ భాయ్ తీరిగ్గా అంతా విని, "కంప్యూటర్లో అన్నీ ఉన్నాయి భాయ్. కానీ ఏ రోజు ఏం కొన్నారో చెప్పాలి. ఏడాది బిల్లుల్లో నేను ఎక్కడని వెతకను?" అన్నాడు. తేదీలు టీచరమ్మకు మాత్రం ఏం గుర్తుంటాయి? తేదీలన్నీ తారు రోడ్ల కింద ఉన్నాయి.

క్లాసుకొచ్చాక ఆమె నుదురు పట్టుకుని గోడ వైపు చూసింది. గోడంతా పిల్లలు చేసిన బొమ్మలు. ఉన్నట్టుండి లేచి ఒక కాగితపు ఒంటెను తీసి వెనక్కి తిప్పింది. దాని వీపు మీద పిల్లాడి పేరూ, తేదీ.

"ప్రతి బొమ్మ వెనకా తేదీ వేస్తానండీ! బొమ్మ చేయించిన రోజుకి ముందు రోజు సాయంత్రమే సామాన్లు కొంటాను. ఒక్కో రకానికి ఒక్క బొమ్మ చాలు, తీసుకుపోదాం."

ఒక్కో రకానికి ఒక్కటి చాలు. ఆమె అన్నది ఆ మాటే, నేను విన్నదీ ఆ మాటే. కానీ ఒకటి తీసుకెళ్ళి అది ఎగిరిపోతే? జాగ్రత్త మనిషిని కదా, గోడ మొత్తం ఊడ్చేశాను. బడి వదిలాక దుకాణానికి వెళ్ళడానికి ఆమె వచ్చి ఖాదర్ భాయ్ బస్సెక్కేసరికి ముందు వరసల సీట్లలో ఇరవై ఎనిమిది ఒంటెలు, వెనక దూది గొర్రెలు, కిటికీల పక్కన మెరుపుల చేపలు, ఆఖరు సీట్లో గుడ్లగూబలు కదిలే కళ్ళతో ఆమెనే చూస్తున్నాయి.

"ఇన్నెందుకండీ!"

"ఎగిరిపోతయేమోనని మేడం."

"సీటు బెల్టు కూడా పెట్టినాడు మేడం," అన్నాడు ఖాదర్ భాయ్ అద్దంలో చూస్తూ. "నా బస్సులో పిల్లోళ్ళు కూడా ఇంత గమ్మున కూర్చోరు."

సిగ్నల్ దగ్గర పక్క కారులో ఒక సౌదీ పెద్దాయన మా కిటికీలోంచి గొర్రెలను చూశాడు. చాలా సేపు చూశాడు. తరువాత తన కిటికీ అద్దం ఎత్తేసుకున్నాడు.

దుకాణంలో షఫీక్ భాయ్ మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచాడు. మొదట భయపడ్డాడు గానీ, సంగతి తెలిశాక ఆయనకే హుషారు పుట్టింది. టీచరమ్మ బొమ్మ తిప్పి తేదీ చదువుతుంది. నేను అందులో ఏమేం పడ్డాయో అరుస్తాను. ఆయన కంప్యూటర్లో దానికి ముందు రోజు సాయంత్రం తెరుస్తాడు.

"గొర్రె! దూది రెండు కట్టలు, నల్ల కాగితం!"

"దొరికింది!" కర్రు.

"చేప! మెరుపుల పొడి, బంగారు రంగు!"

"ఆ రోజు వెండి రంగు లేదు, నాకు గుర్తుంది. దొరికింది!" కర్రు.

"గుడ్లగూబ! కళ్ళు ఒక సంచి!"

"కళ్ళు రెండు సంచులున్నాయి ఇక్కడ."

"ఒక సంచి పిల్లలు ఒకరికొకరు అంటించుకున్నారండీ," అంది టీచరమ్మ.

కొనడానికి వచ్చినవాళ్ళు కొనడం మానేసి చుట్టూ నిలబడ్డారు. ఒక పాకిస్తానీ టాక్సీ డ్రైవరు ఇంద్రధనస్సులో ఏడో రంగు ఎక్కడ కొన్నారని తనే దర్యాప్తు మొదలుపెట్టాడు. బల్ల మీద తెల్లటి, తాజా బిల్లులు పెరుగుతున్నాయి. ముప్పై మూడు దాకా వచ్చి ఆగాం.

"ఇంకొకటి ఏంటి మేడం?"

"రైలండీ. బిస్కెట్లకి గమ్ము బదులు తేనె రాసి చేయించాను."

"ఏదీ, రైలు తేలేదే?"

"తినేశారు."

రైలు వెనక తేదీ ఉండదు కదా. పెట్టెలతో సహా ఇరవై ఎనిమిది కడుపుల్లోకి వెళ్ళిపోయింది. దాన్ని వదిలేశాం.

ఆ ముప్పై మూడింటినీ టీచరమ్మ నా చేతికివ్వలేదు. నా వైపు కూడా పెట్టుకోలేదు. బస్సులో నాకూ ఆమెకూ మధ్య మూడు వరసల ఒంటెలున్నాయి. దారిలోనే బస్సు ఆపించి, వాటిని తనే స్వయంగా జిరాక్స్ తీయించుకుంది.

గురువారం పన్నెండుకు ఇరవై నిమిషాలుందనగా ఉస్తాద్ హసన్ గది ముందు నిలబడ్డాం. మేమంటే బడి టీచర్లందరూ. క్లాసులు ఎవరు చూసుకుంటున్నారో నాకు తెలియదు, బహుశా ఎవరూ కాదు. నన్ను మాత్రం గుమ్మం ఇవతలే ఉండమన్నారు. ఆయన ఒక్కో బిల్లునూ ఫోను కింద పెట్టాడు. ఫోను "పిక్" అన్నప్పుడల్లా బయట ఇరవై మంది టీచర్లు ఊపిరి వదిలారు. ముప్పై మూడు పిక్కులు.

"ముప్పై నాలుగన్నారు?"

"అది పిల్లలు తిన్నారు సార్."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "బిల్లునా?"

"సాక్ష్యాన్ని."

ఉస్తాద్ హసన్ సంతకం పెట్టాడు. పెట్టి, నన్ను వేలితో పిలిచి, చెవిలో అడిగాడు: "వాషింగ్ మిషన్ వెనకాల ఏమైనా తేదీ ఉంటుందా?"

ఆ సాయంత్రమే కొత్త నోటీసు వచ్చింది. క్లాసు సామాన్ల ఖర్చు తిరిగిచ్చే పద్ధతి ఇకమీదట ప్రతి ఏడూ, టీచర్లందరికీ. కింద లావు అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: "బిల్లులను ఏ కారణం చేతనైనా మెయింటెనెన్స్ విభాగానికి ఇవ్వరాదు." ఆ నోటీసును గోడకు అంటించే పని మెయింటెనెన్స్ విభాగానిదే. వంకర లేకుండా అంటించాను.

అంటించి, టీచర్ల గదిలో అందరూ స్వీట్లు తింటుండగా మధ్యలో నిలబడి, స్క్రూడ్రైవరు పట్టుకున్న కుడిచేయి పైకెత్తి గంభీరంగా ప్రమాణం చేశాను.

"అందరు ఇనుండ్రి. ఇయ్యాల్టి సంది ఈ రాజేశం ఎవ్వరి కాగితం జోలికి పోడు. జిరాక్స్ తియ్యమంటే జిరాక్సే తీస్తడు. అడిగిన దానికన్న మంచి పని ఈ జన్మల చెయ్యడు. మేడం, మళ్ళ ఎవ్వరికన్న మేలు చెయ్యాల్నని నా మనసు గుంజినా సరే, చేతులు కట్టుకోని కూసుంట!"

సుజాత టీచరమ్మ లడ్డూ తుంచి నా చేతిలో పెట్టి అంది:

"మనసు గుంజితే అంత కష్టపడి ఆపుకోకండి రాజేశం గారూ, ఒంటికి మంచిది కాదు. ఒక్క రోజు ముందు చెప్పండి చాలు. బడికి సెలవిమ్మని ప్రిన్సిపాల్ గారిని నేను అడుగుతాను."